నల్లకోటు ఇచ్చిండ్రు, నడక నేర్పలే!

లా డిగ్రీ పట్టుకొని కోర్టు మెట్లెక్కిన పిల్లలకు పని రాదని అందరూ అంటున్నారు. సీనియర్ వకీళ్లు అంటున్నారు. జడ్జిలు అంటున్నారు. బార్ కౌన్సిల్ పెద్దలు వేదికలెక్కి మరీ అంటున్నారు. మరి ఆ పని ఎవరు నేర్పాలి అని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. ఈ వారం మేము ఆ ప్రశ్ననే అడుగుతున్నాం.

'పని రాదు' అనే మాట మనకు కొత్తది కాదు. తెలంగాణోళ్లకు తెలివి లేదు, ఇంగ్లీషు రాదు, ఆఫీసు పని చేతకాదు అని ఏండ్ల తరబడి విన్నాం. మన నౌకర్లు ఎత్తుకపోయినప్పుడల్లా ఆ మాటనే అడ్డం పెట్టారు. అప్పుడు మనం ఏమన్నాం? పని ఎవరికీ పుట్టుకతో రాదు, చోటిస్తే వస్తుంది, నేర్పితే వస్తుంది అన్నాం. ఇయ్యాల జిల్లా కోర్టుల వరండాల్లో నిలబడ్డ మొదటి తరం వకీళ్లకు కూడా అదే న్యాయం వర్తించాలి. తాత వకీలు కాదు, తండ్రి వకీలు కాదు, చుట్టాల్లో నల్లకోటు తొడిగినవాడు లేడు. ఊరి నుంచి హాస్టలుకు, హాస్టలు నుంచి లా కాలేజీకి, అక్కడి నుంచి నేరుగా కోర్టుకు వచ్చిన పిల్లలు వాళ్లు. వాళ్లకు పని రాదనడం తేలిక. పని నేర్పకుండా పట్టా ఇచ్చిన వ్యవస్థను నిలదీయడమే కష్టం.

డిగ్రీ చేతిల, దావా గాలిల

డిగ్రీ తర్వాతనైతే మూడేళ్లు, ఇంటర్ తర్వాతనైతే అయిదేళ్లు చదువుతారు. కేశవానంద భారతి కేసు మీద పది పేజీలు రాయగలుగుతారు. కాంట్రాక్టు చట్టంలో సెక్షన్లు వరుసపెట్టి అప్పజెబుతారు. అదే పిల్లవాని దగ్గరికి ఒక రైతు వచ్చి 'పక్క పొలమాయన గెట్టు జరిపిండు సారూ, రేపు దున్నకుండ ఆపాలె' అంటే ఏం చేయాలో తోచదు. దావా ఏ కోర్టులో వేయాలి? దావా విలువ ఎట్లా కట్టాలి? కోర్టు ఫీజు ఎంత? ఇంజంక్షన్ కోసం వేసే ఐ.ఏ.కు ఏ కాగితాలు జతచేయాలి? ఆఫీసు అభ్యంతరం పెట్టి వాపసు చేస్తే ఎన్ని రోజుల్లో సరిచేసి మళ్లీ వేయాలి? ఎదుటివానికి నోటీసు పోవడానికి బత్తా ఎప్పుడు కట్టాలి? కాగితాన్ని ఎగ్జిబిట్‌గా మార్కు చేయించడం ఎట్లా? సర్టిఫైడ్ కాపీ కోసం ఎవరి బల్ల ముందు నిలబడాలి?

ఇవన్నీ చిన్న సంగతులని ప్రొఫెసర్లు అనుకుంటారేమో. కక్షిదారుకు మాత్రం ఇవే కేసు. కాలేజీలో ఎవరూ చెప్పని ఈ సంగతులను కోర్టులో చెప్పేది ఎవరు? సీనియర్ దగ్గరి గుమాస్తా. ముప్పై ఏండ్లు కేసు కట్టలు మోసిన గుమాస్తాకు తెలిసిన సివిల్ ప్రొసీజరు ఫస్ట్ క్లాసులో పాసైన పట్టభద్రునికి తెలియదు. ఇందులో గుమాస్తాకు చిన్నతనం లేదు. సిగ్గుపడాల్సింది ఫీజులు తీసుకున్న కాలేజీ.

ఈ తెలియనితనానికి ధర ఎవరు కడుతున్నారో కూడా చూడాలి. చెక్కు బౌన్సు కేసునే తీసుకుందాం. చెక్కు వాపసు వచ్చినట్టు బ్యాంకు నుంచి కబురు అందిన 30 రోజుల లోపల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అందినవానికి డబ్బు కట్టడానికి 15 రోజులు గడువు ఉంటుంది. ఆ గడువు దాటినప్పటి నుంచి నెల లోపల కోర్టులో కేసు వేయాలి. 15 రోజులు నిండకముందే వేస్తే అది నిలబడదు. నెల దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి కోర్టును ఒప్పించుకోవాలి. లెక్క మూడు ముక్కలే. కాని క్యాలెండరు ముందట పెట్టుకొని ఈ లెక్క వేయించిన క్లాసు ఎన్ని కాలేజీల్లో జరిగింది? లెక్క తప్పితే పోయేది వకీలు సొమ్ము కాదు. పత్తి అమ్మిన పైసలకు చెక్కు తీసుకున్న రైతు సొమ్ము.

జైలు సంగతి అంతకంటే ఘోరం. పోలీసులు గడువులోపల చార్జిషీటు వేయకపోతే నిందితునికి బెయిలు హక్కుగా వస్తుంది. ఉరి, యావజ్జీవం లేదా పదేళ్లకు తగ్గని శిక్ష పడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60 రోజులు. పాత సి.ఆర్.పి.సి.లో ఇది 167 సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలుకు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 187. అయితే ఈ హక్కు దానంతట అది వచ్చి తలుపు తట్టదు. గడువు నిండగానే వకీలు దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు పెట్టకముందే పోలీసులు చార్జిషీటు వేస్తే ఆ హక్కు పోయినట్టే. అంటే వకీలు రిమాండు తేదీ నుంచి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఒక్కరోజు ఏమరుపాటుకు ఒక కూలి బిడ్డ నెలల తరబడి జైల్లో మగ్గుతాడు. పాఠం చెప్పని కాలేజీకి ఏమవుతుంది? ఏమీ కాదు.

ఉద్యమకాలంలో మనమీద కేసుల మీద కేసులు పెట్టినప్పుడు రిమాండు రిపోర్టు చదివి, జామీనుదార్లను వెతికి, రాత్రికి రాత్రి బెయిలు కాగితాలు తయారు చేసిన వకీళ్లను మనం మరవలేదు. పైస తీసుకోకుండా నిలబడ్డారు. వాళ్లకు ఆ పని కాలేజీ నేర్పలేదు. సీనియర్ల చేతికింద ఏండ్లకేండ్లు అరిగి నేర్చుకున్నారు. అట్లా అరిగే స్తోమత లేనివాని సంగతేమిటన్నదే మా ప్రశ్న.

1961 నుంచి ఇదే తంతు

ఇది ఎవరో ఒకరి నిర్లక్ష్యం కాదు, అరవై ఏండ్ల చరిత్ర. 1961లో అడ్వకేట్ల చట్టం వచ్చినప్పుడు 24వ సెక్షన్‌లోనే శిక్షణ, శిక్షణ తర్వాత పరీక్ష అనే షరతు ఉండేది. 1973లో పార్లమెంటు సవరణ తెచ్చి ఆ ముక్కను తీసేసింది. డిగ్రీ చేతికొస్తే నేరుగా ఎన్‌రోల్‌మెంట్. ఇరవై ఏండ్ల తర్వాత బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు సోయి వచ్చి 1995లో శిక్షణ నియమాలు చేసింది. ఏడాదిపాటు సీనియర్ దగ్గర పని నేర్చుకున్నాకనే ఎన్‌రోల్‌మెంట్ అన్నది. 1999 మార్చిలో వి. సుధీర్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. శిక్షణ చెడ్డదని కోర్టు అనలేదు. పార్లమెంటు తీసేసిన షరతును మళ్లీ పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు లేదన్నది. అధికారం లేకపోతే పార్లమెంటును అడిగి తెచ్చుకోవాలి. అడిగి తెచ్చింది లేదు.

ఆ తర్వాత 2010లో బార్ కౌన్సిల్ కొత్త ఉపాయం కనిపెట్టింది. దానిపేరు ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్. మొదటి పరీక్ష 2011 మార్చి 6న జరిగింది. వంద ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగు జవాబులు, ఒకటి గుర్తుపెట్టాలి. మొదట్లో పుస్తకాలు ముందట పెట్టుకొని రాయనిచ్చారు. 2021 నుంచి నోట్సు లేని చట్టం పుస్తకాలకు మాత్రమే అనుమతి ఇచ్చారు. పరీక్ష కఠినం చేశామని గొప్పగా చెప్పుకున్నారు. మేము అడిగేది ఒక్కటే. ఆ వంద ప్రశ్నల్లో అభ్యర్థి ఒక్క ప్లెయింటు రాశాడా? ఒక్క సాక్షిని క్రాస్ చేశాడా? ఒక్క కక్షిదారుతో మాట్లాడి అసలు సంగతి రాబట్టాడా? ఈత వచ్చో రాదో తెలుసుకోవడానికి నీళ్ల గురించి రాతపరీక్ష పెట్టినట్టున్నది ఈ సంబడం. నేర్పనిదానికి పరీక్ష పెట్టడం న్యాయం కాదు. నేర్పాల్సిన బాధ్యతను పిల్లల నెత్తిన రుద్ది తప్పుకోవడం అది.

2023 ఫిబ్రవరి 10న అయిదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం బార్ పరీక్షను సమర్థించింది. ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు షరతులు పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు లేదన్న సుధీర్ కేసు తీర్పు సరైంది కాదన్నది. మంచిది. అంటే 'మాకు అధికారం లేదు' అని ఇరవై నాలుగేండ్లు చెప్పిన సాకు ఆ రోజుతో పోయింది. పరీక్ష పెట్టడానికి పనికొచ్చిన అధికారం శిక్షణ ఇవ్వడానికి పనికిరాదా? ఫీజు వచ్చే పని మీదున్న ప్రేమ ఖర్చయ్యే పని మీద లేదా?

రికార్డు బుక్కుల నాటకం

కాగితం మీద చూస్తే మన లా చదువంత గొప్పది లేదు. బార్ కౌన్సిల్ 2008 న్యాయ విద్యా నియమాల్లో నాలుగు ప్రాక్టికల్ పేపర్లు తప్పనిసరి. డ్రాఫ్టింగ్, ప్లీడింగ్, కన్వేయన్సింగ్ ఒకటి. వృత్తి ధర్మం ఒకటి. ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం ఒకటి. మూట్ కోర్టు, ఇంటర్న్‌షిప్ కలిపి ఒకటి. డ్రాఫ్టింగ్ పేపర్‌లో దావాకాగితాల అభ్యాసాలు 15, దస్తావేజుల అభ్యాసాలు 15 చేయాలి. మూడు మూట్ కోర్టులు చేయాలి. ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణ కోర్టులో కూర్చొని చూసి రాయాలి. వకీలు ఆఫీసులోనో, లీగల్ ఎయిడ్ కేంద్రంలోనో కక్షిదారుతో జరిగే మాటామంతీ రెండుసార్లు చూసి డైరీ రాయాలి. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ప్రతి కాలేజీలో లీగల్ ఎయిడ్ క్లినిక్ నడవాలి.

చదువుతుంటే కడుపు నిండుతుంది. ఇక ఈ పేపర్లు నడుస్తున్న తీరు చూడండి. చాలా కాలేజీల్లో సీనియర్ బ్యాచ్ రికార్డు బుక్కు జూనియర్ బ్యాచ్ చేతికొస్తుంది. పేరు మారుతుంది, అట్ట మారుతుంది, లోపల అదే వాది, అదే ప్రతివాది, అవే అక్షరదోషాలు. చూడని విచారణను చూసినట్టు రాస్తారు. కలవని కక్షిదారును కలిసినట్టు రాస్తారు. తెలిసిన వకీలు సార్ దగ్గరికి పోయి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద ఒక సంతకం, ఒక ముద్ర. వైవా రోజున అయిదు నిమిషాలు. మార్కులు మాత్రం తొంభైకి తక్కువ ఉండవు. న్యాయం చెప్పబోయే వృత్తిలోకి పిల్లలు వేసే మొదటి అడుగే దొంగ రికార్డు మీద వేయిస్తున్నాం. వృత్తి ధర్మం పేపర్‌కు ఇంతకంటే అవమానం ఉంటుందా?

పిల్లలను తిట్టి లాభం లేదు. కాలేజీకి దగ్గర్లో కోర్టు ఉన్నా, కోర్టుకు, కాలేజీకి నడుమ ఏ ఒప్పందమూ లేదు. పాఠం చెప్పే పూర్తికాలపు లెక్చరర్ వకీలుగా ప్రాక్టీసు చేయకూడదు. కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలు రోజుకు మూడు గంటలకు మించి పాఠం చెప్పకూడదు. ఆ మూడు గంటలకు ఇచ్చే గౌరవ వేతనం చూసి మంచి వకీలెవడూ రాడు. ఫలితం ఏమిటంటే, సాక్షిని ఎన్నడూ క్రాస్ చేయని మాస్టారు క్రాస్ ఎగ్జామినేషన్ మీద నోట్సు చెబుతాడు. డాక్టరు చదువులో ఇది సాధ్యమా? ఆస్పత్రి లేకుండా మెడికల్ కాలేజీకి అనుమతి ఇస్తారా? రోగి ముఖం చూడకుండా ఎం.బి.బి.ఎస్. పట్టా ఇస్తారా? లా కాలేజీకి మాత్రం నాలుగు గదులు, ఒక లైబ్రరీ బీరువా, గోడకు అంబేద్కర్ పటం ఉంటే చాలు. 2019లో మూడేళ్లు, 2025లో మళ్లీ మూడేళ్లు కొత్త లా కాలేజీలకు అనుమతులు ఆపుతున్నట్టు బార్ కౌన్సిలే ప్రకటించింది. ఇన్నాళ్లు ఇచ్చిన అనుమతులు ఎట్లాంటివో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఫిట్టర్‌కు ఉన్నది, వకీలుకు లేదు

1961లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి అడ్వకేట్ల చట్టం. రెండోది అప్రెంటిస్‌ల చట్టం. రెండో చట్టం కింద ఐ.టి.ఐ. చదివిన ఫిట్టరు ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటే యజమాని అతనికి స్టైపెండు ఇవ్వాలి. అది దయ కాదు, చట్టం. డాక్టరు హౌస్‌సర్జన్ చేస్తే స్టైపెండు ఉన్నది. చార్టర్డ్ అకౌంటెంట్ కాబోయేవాడు ఆర్టికల్‌షిప్ చేస్తే స్టైపెండు ఉన్నది. జూనియర్ వకీలుకు మాత్రం ఏమున్నది? 'నేర్చుకుంటున్నవు కదా, ఇంకా పైసలు కూడా కావాల్నా' అన్న మాట ఉన్నది.

ఉదయం తొమ్మిదికి సీనియర్ ఆఫీసులో కట్టలు సర్దాలి. పది నుంచి అయిదు దాకా కాల్‌వర్కుకు కోర్టు హాళ్ల మధ్య ఉరకాలి. సాయంత్రం మళ్లీ ఆఫీసు. రాత్రి తొమ్మిదింటికి గది. గది కిరాయి ఎవరు కట్టాలి? బస్సు పాసు, మెస్సు బిల్లు, తెల్ల చొక్కాల ఇస్త్రీ ఎవరు పెట్టుకోవాలి? తండ్రికి చాంబరు ఉన్న కొడుక్కు ఈ ప్రశ్న లేదు. నేషనల్ లా యూనివర్సిటీలో చదివి కార్పొరేట్ కంపెనీకి పోయే బిడ్డకు ఈ ప్రశ్న లేదు. ఈ ప్రశ్న పాలమూరు కూలి కొడుక్కు ఉన్నది, ఆదిలాబాద్ గోండు బిడ్డకు ఉన్నది, సిరిసిల్ల నేత కార్మికుని బిడ్డకు ఉన్నది. ఆడపిల్లయితే ఇంకా ఎక్కువున్నది. పట్నంలో ఒంటరిగా గది తీసుకొని జీతం లేని పని చేస్తానంటే ఏ తల్లిదండ్రులు ఒప్పుకుంటారు? ఏడాది చూసి, రెండేండ్లు చూసి, ప్రైవేటు స్కూల్లో టీచరుగానో, చిట్‌ఫండ్ ఆఫీసులో గుమాస్తాగానో చేరిపోతారు. నల్లకోటు పెట్టెలో పడుతుంది. ఇంతకూ వాళ్లకు చదువు రాక పోలేదు, ఆకలికి పోయారు.

ఇది తీర్చలేని సమస్యేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబర్‌లో జూనియర్ వకీళ్లకు నెలకు 5,000 రూపాయల చొప్పున మూడేళ్లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. 2024 జూన్‌లో మద్రాసు హైకోర్టు జూనియర్లకు చెన్నై, మదురై, కోయంబత్తూరులో 20,000, మిగతాచోట్ల 15,000 కనీస స్టైపెండు ఉండాలన్నది. అదే ఏడాది అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా పట్టణాల్లో 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సర్క్యులర్ వేసింది. కాని అది సిఫారసు మాత్రమే. ఇస్తే ఇవ్వొచ్చు, లేకపోతే లేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ లా పట్టభద్రులను ప్రభుత్వ వకీళ్ల దగ్గర మూడేళ్లు శిక్షణకు పెట్టే పథకం మన దగ్గర ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచే ఉన్నది. జిల్లాకు తీసుకునేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిని. ఇచ్చే స్టైపెండు గది కిరాయికి సరిపోదు.

ఒక్క గెలుపు మాత్రం చెప్పుకోవాలి. ఎన్‌రోల్‌మెంట్ పేరిట రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు పదిహేను వేల నుంచి నలభై రెండు వేల దాకా గుంజుతుంటే, 2024 జూలై 30న సుప్రీంకోర్టు చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోరాదన్నది. జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. పేద పిల్లల దారిలో ఒక గేటు తెరుచుకున్నది. గేటు లోపలికి వచ్చినవానికి నడక నేర్పే పని ఇంకా మిగిలే ఉన్నది.

మూడేళ్ల షరతు ఎవరి మెడకు?

2025 మే 20న సుప్రీంకోర్టు మరో తీర్పు చెప్పింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్లు వకీలుగా ప్రాక్టీసు చేసి ఉండాలన్నది. పదేళ్ల అనుభవం ఉన్న వకీలు సర్టిఫికెట్ ఇవ్వాలి, దానిమీద న్యాయాధికారి ధృవీకరణ ఉండాలి. కోర్టు ముఖం చూడనివాడు జడ్జి కుర్చీలో కూర్చుంటే కక్షిదారుకు నష్టమన్న మాటలో నిజం ఉన్నది. మేము కాదనం. కాని కాలేజీలో నేర్పరు, ప్రాక్టీసులో పైసలివ్వరు, జడ్జి పరీక్షకు మాత్రం మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఈ మూడు కలిపి చూస్తే వచ్చే అర్థమేమిటి? మూడేళ్లు జీతం లేకుండా బతకగలిగినవాడే జడ్జి కావాలని. స్టైపెండు లేని అనుభవ షరతు పేదవాని మెడకు ఉరితాడు. 2010 సెప్టెంబర్‌లో ప్రభుత్వ న్యాయాధికారుల పోస్టుల్లో 42 శాతం వాటా కోసం తెలంగాణ వకీళ్లు హైకోర్టులోనే దీక్షకు కూర్చున్నారు. ఆ వాటా అడిగింది ఎవరికోసం? చాంబరు వారసత్వం ఉన్న నాలుగు కుటుంబాల కోసం కాదు కదా!

ఖాస్రా పహాణీ చదివేదెవరు?

మన నేల సంగతి మరీ ప్రత్యేకం. తెలంగాణ జిల్లా కోర్టులో భూమి కేసు అంటే ఒక్క ఆస్తి బదిలీ చట్టం చదివితే సరిపోదు. సేత్వార్ అంటే ఏమిటి, 1954-55 ఖాస్రా పహాణీలో ఏ కాలంలో ఏం రాస్తారు, ఫైసల్ పట్టీ ఎందుకు పనికొస్తుంది, 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుకు ఇచ్చిన 38-ఇ సర్టిఫికెట్ బలమెంత, ఇనాం భూమికి ఓ.ఆర్.సి. ఎవరిస్తారు, సాదా బైనామాను క్రమబద్ధం చేసుకోవడం ఎట్లా - ఇవి తెలియాలి. పాత రికార్డుల్లో ఉర్దూ, ఫారసీ మాటలు ఉంటాయి. ఉస్మానియా లా కాలేజీ తన పుట్టుకను 1899 నుంచి లెక్కిస్తుంది. నూట పాతికేండ్ల చరిత్ర ఉన్న గడ్డ మీద లా పాసైన పిల్లవాడు తన తాత పేరున ఉన్న పహాణీ చదవలేకపోతే ఆ చదువు ఎవరి కోసం?

దీనికి తోడు 2020లో ధరణి వచ్చింది. ఎమ్మార్వో కోర్టులు పోయినయి. తప్పు పడ్డ రైతు ఎక్కడికి పోవాలో తెలియక తిరిగాడు. 2025లో భూభారతి చట్టం వచ్చి అప్పీళ్ల దారి మళ్లీ తెరిచింది. ఇన్ని మార్పుల నడుమ రైతుకు చేయి పట్టుకొని దారి చూపగలిగేది ఊరి నుంచి వచ్చిన వకీలే. క్రిమినల్ కేసుల్లోనూ ఇదే తిప్పలు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత ఐ.పి.సి., తర్వాతిదానికి కొత్త న్యాయ సంహిత. కొన్నేండ్ల దాకా రెండు పుస్తకాలు రెండు చేతుల్లో పట్టుకొని నడవాలి. ఫోన్ రికార్డింగు, సీసీ కెమెరా ఫుటేజీ సాక్ష్యంగా పెట్టాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. ఆ సర్టిఫికెట్ ఒక్కసారైనా చేత్తో నింపినవాడు కాలేజీలో ఎందరు?

భాష సంగతి కూడా చెప్పాలి. కక్షిదారు తెలుగులో ఏడుస్తాడు, వకీలు ఇంగ్లీషులో రాస్తాడు. నడుమ సగం నిజం జారిపోతుంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చి దారి చూపింది. హైకోర్టు తీర్పు తెలుగులో రాయగలిగినప్పుడు లా కాలేజీలో ఒక్క నోటీసైనా, ఒక్క అఫిడవిట్ అయినా తెలుగులో రాయించడానికి ఏమడ్డం?

'మేం ఇట్లనే నేర్చుకున్నం' అనేవాళ్లకు

కొందరు పెద్దలు అంటారు: 'వకాలత్ కాలేజీలో రాదు, సీనియర్ కాళ్ల దగ్గర కూర్చుంటే వస్తది. మాకెవరు నేర్పిండ్రు?' వాళ్ల కష్టం మీద మాకు గౌరవం ఉన్నది. కాని ఒక తరం పడ్డ బాధ ఇంకో తరానికి సిలబస్ కారాదు. పైగా ఆ కాలంలో సీనియర్ మంచివాడైతే పని వచ్చింది, కాకపోతే పదేండ్లు వాయిదాలు అడగడంతోనే గడిచింది. అదృష్టం మీద నడిచేదాన్ని శిక్షణ అనరు.

ఇంకో మాట కూడా వస్తుంది. మున్సిఫ్ కోర్టు సీనియర్‌కే ఆదాయం అంతంత మాత్రం, అతను జూనియర్‌కు ఇరవై వేలు ఎక్కడినుంచి తెస్తాడని. ఈ మాటలో న్యాయం ఉన్నది. అందుకే మేము సీనియర్ గల్లా పెట్టెలో చేయి పెట్టమనడం లేదు. సర్కారు పెట్టాలి. కోర్టు ఫీజు రూపంలో జనం దగ్గర వసూలు చేసేది సర్కారు. అతి పెద్ద కక్షిదారూ సర్కారే. వకీలు కావాల్సిందీ, వకీలు ద్వారా లాభపడేదీ అదే అయినప్పుడు, ఖర్చు పంచుకోనంటే చెల్లదు.

మూడో మాట, విద్యార్థి కోర్టులో వాదించకూడదు కదా, ఎట్లా నేర్పుతారని. వాదించనక్కర లేదు. దావా రాయవచ్చు, కాపీ అప్లికేషన్ నింపవచ్చు, కక్షిదారు చెప్పింది రాసుకోవచ్చు, తేదీల పట్టిక తయారు చేయవచ్చు, లీగల్ ఎయిడ్ కేసులో వకీలు పక్కన కూర్చోవచ్చు. వకీలు పనిలో నిలబడి మాట్లాడేది తక్కువ. కూర్చొని రాసేదే ఎక్కువ.

మా డిమాండ్లు ఇవీ

ఒకటి, ప్రతి లా కాలేజీని ఒక జిల్లా కోర్టుకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు జతచేయాలి. మెడికల్ కాలేజీకి ఆస్పత్రి ఎట్లనో లా కాలేజీకి కోర్టు అట్ల. ఆఖరి ఏడాది విద్యార్థి వారానికి రెండు రోజులు అక్కడే ఉండాలి.

రెండు, ప్రాక్టికల్ పేపర్ల మార్కులు కాలేజీ లోపల వేసుకునే పద్ధతి పోవాలి. బయటి నుంచి ఒక ప్రాక్టీసు చేసే వకీలు, ఒక న్యాయాధికారి కూర్చొని, పిల్లవాని చేత అక్కడికక్కడ దావా రాయించి మార్కులు వేయాలి. నకలు రికార్డు బుక్కులకు అదే మందు.

మూడు, తెలంగాణ భూమి రికార్డులు, రెవెన్యూ ప్రొసీజరు, తెలుగులో డ్రాఫ్టింగ్ తప్పనిసరి పేపర్లు కావాలి. రిటైరైన తహసీల్దార్లు, సర్వేయర్లు, కోర్టు సూపరింటెండెంట్లు, సీనియర్ గుమాస్తాలను పాఠం చెప్పడానికి పిలవాలి. ఉద్యోగ మిత్రులారా, ఇది మీరు చేయగల పని. మీ సస్పెన్షన్ మీద, మీ పెన్షన్ మీద రేపు రిట్ రాయాల్సిన వకీలు కూడా ఈ పిల్లల్లోనే ఉన్నాడు.

నాలుగు, ఎన్‌రోల్‌మెంట్ తర్వాత మూడేళ్లు ప్రభుత్వ స్టైపెండు ఉండాలి. బతకడానికి సరిపోయేంత ఉండాలి. కుటుంబ ఆదాయం తక్కువున్న మొదటి తరం వకీళ్లకు, ఆడపిల్లలకు మొదటి వరుస ఇవ్వాలి. సిఫారసు సర్క్యులర్ వద్దు, చట్టం కావాలి.

అయిదు, బార్ అసోసియేషన్లు జూనియర్లకు వారం వారం శిక్షణ తరగతులు పెట్టాలి. దీనికి సర్కారు జీవో అక్కర్లేదు, బార్ కౌన్సిల్ అనుమతి అక్కర్లేదు. బార్ హాలు ఉన్నది, కుర్చీలున్నయి, అనుభవమున్న సీనియర్లున్నరు. శనివారం సాయంత్రం రెండు గంటలు చాలు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. రికార్డు బుక్కు నకలు కొట్టి మార్కులు తెచ్చుకోవడంలో గెలుపు లేదు. ఇయ్యాల తప్పించుకున్న పాఠం రేపు కక్షిదారు నెత్తిన పిడుగై పడుతుంది. మూట్ కోర్టు పెట్టమని ప్రిన్సిపాల్‌ను నిలదీయండి. కోర్టుకు తోలకపోయినా మీరే పోయి వెనక బెంచీలో కూర్చోండి, తలుపులు తెరిచే ఉంటాయి. లీగల్ ఎయిడ్ క్లినిక్ బోర్డు వేలాడుతుంటే దాని తాళం తీయించండి. మనకు రావాల్సింది అడగకుండా రాదని ఈ గడ్డ మీద పుట్టినవానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

పని రాదని వెక్కిరించే నోళ్లకు జవాబు పని నేర్చుకోవడమే. కాని నేర్పే బాధ్యత ఎగ్గొట్టి వెక్కిరించేవాళ్లను మాత్రం వదిలిపెట్టేది లేదు. ఊరి నుంచి వచ్చిన బిడ్డ ఊరి కేసు వాదించి గెలిచిననాడే కోర్టు జనానిదవుతుంది. ఆ రోజు దాకా అడుగుతూనే ఉంటాం: పట్టా ఇచ్చిండ్రు సరే, పని ఎప్పుడు నేర్పుతరు?